మారెక్క పేరు మీద ఏడు వానలు

ఆశ్లేష కార్తె, 2వ రోజు

పొద్దున్నే మూడు గద్దలనూ, అంటే వాన డ్రోన్లనూ, దించి కడిగాను. ఉప్పుపొడి చిమ్మే గొట్టాలు మళ్ళీ పూడుకుపోయాయి. ఒక్కో రంధ్రాన్నీ సూదితో పొడిచి తీసేసరికి వేళ్ళు పగిలి మండుతున్నాయి. చేతి తొడుగులు పంపమని జిల్లా ఆఫీసుకు రాసి నాలుగు నెలలైంది. పంపలేదు.

పదింటికి పడమటి మబ్బు వచ్చింది. తెర మీద పదహారు కోడ్లు వెలిగాయి. అన్నీ కొర్రగుంట రైతులవే. మూడు గద్దలనూ వంతులేసి పదహారుసార్లు లేపాను. అవి బోడికొండ దాటి అవతలికి పోయి, మబ్బులో ఉప్పు చల్లి తిరిగొచ్చాయి. ఒక్కో కోడు పక్కనా ‘వాన అందింది’ అని పచ్చగుర్తు పడింది. మబ్బు తనంతట తాను కురవడం మా అమ్మమ్మ కాలంతోనే పోయింది. ఐదెకరాల లోపు రైతుకు సర్కారు ఇచ్చే సబ్సిడీ వానే ఇప్పుడు వాన. సీజనుకు తొమ్మిది. నాలుగో నంబరు వానకేంద్రం నుంచి వాటిని ఎగరేసేది నేను. పేరు వన్నూరమ్మ. సర్వీసు పద్నాలుగేళ్ళు.

ఈ డ్యూటీ డైరీలో ‘వ్యాఖ్యలు’ అని ఒక గడి ఉంది. ఇన్నేళ్ళలో అందులో ‘ఏమీ లేవు’ తప్ప మరో మాట రాయలేదు. ఈరోజు ఆ గడి చాలదు.

మధ్యాహ్నం కొర్రగుంట నుంచి మారెక్క వచ్చింది. అరవైకి దగ్గరపడిన మనిషి. కొండ ఎక్కి దిగి ఎనిమిది కిలోమీటర్లు నడిచొచ్చింది. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. చేతిలో ఉన్న శెనక్కాయ చెట్టును నా బల్ల మీద పడేసింది. ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. వేరుకు అంటిన మట్టి పొడిపొడిగా రాలింది.

“ఈపొద్దు మా ఊరికి ఎన్ని వానలు ఎగరేస్తివి వన్నూరమ్మా?”

“పదహారు.”

“ఒక్క సుక్క పడలేదు.”

“గాలికి పక్కకు పోయిందేమో అక్కా.”

“మూడేండ్లుగా గాలి మా ఊరిని సూసి పక్కకు పోతాందా?”

ఆమె కొంగుముడి విప్పి ఒక కాగితం తీసింది. కళ్ళజోడు లేదు, చదివి చెప్పమంది. చదివాను. ‘సబ్సిడీ వాన పూర్తిగా అందినప్పటికీ వరుసగా మూడు సీజన్లు పంట చూపనందున మిమ్మల్ని నిర్లక్ష్య సాగుదారుగా గుర్తించడమైనది. పుబ్బ కార్తె చివరి రోజున మీ నాలుగెకరాలను పదేళ్ళపాటు సమర్థ సాగుదారుకు అప్పగించడమగును.’ ఊళ్ళో తొంభై ఆరు మంది రైతులుంటే తొంభై ఆరు మందికీ ఇదే కాగితం వచ్చిందట.

“నాకు వాన అందిందని వాళ్ళకు ఎవురు సెప్పినారు?” అని అడిగింది మారెక్క.

నేనే చెప్పాను. నా పచ్చగుర్తులు చెప్పాయి. ఆ మాట ఆమెతో అనలేక గొట్టాలు తుడుస్తున్నట్టు తల దించుకున్నాను.

ఆశ్లేష, 4వ రోజు

మూడేళ్ళ కిందటి వరకూ ప్రతి నెలా మొదటి తేదీన కేంద్రం గోడకు జాబితా అంటించేదాన్ని. మైదా ఉడకబెట్టి జిగురు చేసుకునేదాన్ని. రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, ఎన్ని వానలు అందాయి, అన్నీ పెద్ద అక్షరాల్లో ఉండేవి. జనం వచ్చి వేలు పెట్టి చదివేవాళ్ళు. “నా పేరుంది, వాన యాడికి పాయ?” అని నా మీదికి వచ్చేవాళ్ళు. నేను బండేసుకుని పోయి చేను చూసి, తప్పయితే మళ్ళీ ఎగరేసేదాన్ని. వాళ్ళ తిట్లు వినీవినీ ఒకటో తేదీ వస్తోందంటేనే నాకు సెలవు పెట్టాలనిపించేది.

తరవాత గోప్యత ఉత్తర్వు వచ్చింది. రైతు పేరు బయటపెట్టడం రైతు గౌరవానికి భంగమట. పేర్ల బదులు పద్నాలుగు అంకెల కోడ్లు వచ్చాయి. గోడ మీద జాబితా ఆగిపోయింది. ఎవరి పేరైనా బయటికి చెబితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా.

ఆ రోజు నేను సంతోషించాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఇంక తిట్లుండవని సంతోషించాను. అప్పట్నుంచి ఒక్కసారి కూడా కొండ దాటి పోలేదు.

ఆశ్లేష, 5వ రోజు

జిల్లా వాన అధికారి ఫణిభూషణ్ గారికి ఫోన్ చేశాను. కొర్రగుంటలో వాన పడటం లేదని చెప్పాను.

“తెర మీద ఏముందమ్మా?”

“అందిందని ఉంది సార్.”

“మరి అందినట్టే కదా.”

“చెట్టు పీక్కొచ్చి చూపించారు సార్. వేరు దగ్గర కూడా తడి పదును లేదు.”

“చూడమ్మా, నువ్వు ఆపరేటర్‌వి. చెట్లు చూడటానికి వేరే శాఖ ఉంది. అసలు ఎవరు తెచ్చారు? పేరు చెప్పు.”

పేరు బయటపెట్టకూడదని ఉత్తర్వు ఉంది కదా సార్ అన్నాను. ఆయన వెంటనే ఫోన్ పెట్టేశారు.

ఆశ్లేష, 9వ రోజు

మారెక్క మళ్ళీ వచ్చింది. ఈసారి నీళ్ళు అడిగి తాగింది. రెండు చెంబులు.

“ఊరి జాబితా సూపీ” అంది.

“చూపిస్తే నన్ను జైల్లో వేస్తారక్కా.”

“ఎవురిదీ వద్దు. నాది నాకు సూపీ. నా పేరు నాకు సూపిస్తే గూడా తప్పేనా?”

ఉత్తర్వు తీసి మొదటిసారి మొత్తం చదివాను. ఆరో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: లబ్ధిదారు స్వయంగా కేంద్రానికి వచ్చి వేలిముద్ర వేసి తన వివరం తాను పొందవచ్చును. ఇంత ఎండలో కొండెక్కి ఎవరొస్తారులే అనుకుని రాసి ఉంటారు.

మారెక్క చేత వేలిముద్ర వేయించాను. యంత్రం చీటీ ఇచ్చింది. ఆమె పేరు, కోడు, ఈ సీజనులో అందిన వానలు ఏడు. ఒక్కో వాన పక్కనా అది పడిన చోటు అంకెల్లో ఉంది. గద్దకు దారి చెప్పేది కోడే, ఆ అంకెలు నా తెర మీద ఏనాడూ కనబడలేదు. గోడ మీది పాత పటంలో వాటిని గుర్తుపెట్టి చూశాను. పునర్వసులో పడిన ఒక్క వాన మారెక్క చేనిది. మిగిలిన ఆరూ కొర్రగుంటకు ఇంకా ఆరు కిలోమీటర్లు పడమరగా పడ్డాయి. అక్కడ ఉన్నది కంపెనీ వాళ్ళ దానిమ్మ తోట. సర్కారు చెప్పే సమర్థ సాగుదారు కూడా ఆ కంపెనీయే.

ఆ ఆరింటినీ ఎగరేసింది నా చేతులే. ఆమె చేను ఎండగట్టి, ఎండిందని ఆమెకే నోటీసు ఇచ్చారు. నాకు ఒళ్ళంతా మండిపోయింది. కోపం చూపడానికి ఇంకేమీ దొరక్క కుర్చీని తన్నాను.

మారెక్క చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది. “ఇంగొకరి పేరు నువ్వు సెప్తే తప్పు. నా పేరు నేను సెప్పుకుంటే నన్ను పట్టుకునేదానికి ఎవుని తరం?” అంది. గడప దాటి మళ్ళీ వెనక్కి తిరిగి, “రేపు నీకు పని శానా ఉంటాది. ముందుగానే అన్నం తిను” అని చెప్పి పోయింది.

ఆశ్లేష, 12వ రోజు

మూడు రోజులుగా కొర్రగుంట మొత్తం కొండెక్కి వస్తోంది. ముసలివాళ్ళను మంచాల మీద మోసుకొచ్చారు. కాన్పయిన పదహారో రోజు ఒకామె బిడ్డనెత్తుకుని వచ్చింది. మట్టిపని చేసి వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళకు నీళ్ళలో వేలు నానబెట్టి, నాలుగైదుసార్లు ఒత్తించాల్సి వచ్చింది. ఎవరి చీటీ వాళ్ళ చేతికే ఇచ్చాను. ఒకరిది ఇంకొకరికి చూపలేదు. బయటికి పోగానే వాళ్ళంతట వాళ్ళే గట్టిగా చదువుకున్నారు. అందరివీ ఒకటే తీరు. ఏడో ఎనిమిదో కాగితం మీద, ఒకటో రెండో చేను మీద.

సాయంత్రానికి తొంభై ఆరు చీటీలూ అయిపోయాయి. కానీ నా తెర మీద కొర్రగుంట కింద నూట నలభై మూడు కోడ్లున్నాయి.

ఆ నలభై ఏడు మంది ఎవరు?

ఆశ్లేష, 13వ రోజు

ఎవరో తెలిసింది. అందులో ఒకదాన్ని నేను.

పొద్దున వేలిముద్ర అద్దం మీద మట్టి పేరుకుపోయి ఉంటే తడిబట్టతో తుడిచాను. బొటనవేలు తగిలినట్టుంది. యంత్రం గరగరమని చీటీ కక్కింది. ‘వన్నూరమ్మ, కొర్రగుంట గ్రామం, నాలుగున్నర ఎకరాలు, తొమ్మిది వానలు అందినవి.’

నాకు సెంటు భూమి లేదు. మా నాన్న కూలికి పోయేవాడు, మా తాత కూలికి పోయేవాడు. మా ఇంట్లో ‘మా చేను’ అన్న మాట ఎవరి నోటా రాలేదు. పడిన చోటు చూస్తే తొమ్మిదికి తొమ్మిదీ దానిమ్మ తోటలోనే. ఐదెకరాలు దాటితే సబ్సిడీ వాన రాదు కాబట్టి రెండు వందల ఎకరాల పైచిలుకు తోటను నలభై ఏడు ముక్కలు చేసి, నలభై ఏడు మంది చిన్న రైతులను కాగితం మీద పుట్టించారు. ఉద్యోగంలో చేరిన రోజు నేను ఇచ్చిన వేలిముద్ర వాళ్ళకు అక్కరకొచ్చింది.

ఇవాళ వంట చేయలేదు. భయంతో కాదు, కోపంతో.

మఖ కార్తె, 2వ రోజు

ఫణిభూషణ్ గారు వచ్చారు. తెల్ల చొక్కా, చల్లటి కారు. గద్దలు బాగా మెరుస్తున్నాయని మెచ్చుకున్నారు. చేతి తొడుగులు రెండు జతలు తెచ్చి బల్ల మీద పెట్టారు.

“తొంభై ఆరు చీటీలు ఎందుకిచ్చావమ్మా?”

“ఆరో పేజీలో ఉంది సార్.”

“ఉంటుంది. ఉన్నవన్నీ చేస్తామా?” కూర్చున్నారు. గొంతు తగ్గించారు. “నీ చీటీ కూడా తీసుకున్నావని యంత్రం చెబుతోంది.”

నేను సూది తీసుకుని గొట్టాల రంధ్రాలు పొడుస్తూ కూర్చున్నాను.

“తొమ్మిది వానలు తిన్నావు. లేని భూమి మీద. ఈ విషయం బయటికొస్తే మొదట లోపలికి పోయేది ఎవరు? నేనా? నా పేరు ఎక్కడైనా ఉందా? బాగా ఆలోచించు. నోరు మూసుకుని ఈ సీజను గడవనిస్తే నీ పేరు నేనే తీయించేస్తాను.”

“మిగతా నలభై ఆరు మంది ఎవరు సార్?”

“అది వాళ్ళ గోప్యత” అన్నారు. నవ్వు కూడా రాలేదాయనకు. నిజంగానే అన్నారు.

చేతి తొడుగులను కారు దాకా పోయి వెనక సీట్లో పడేసి వచ్చాను.

మఖ, 5వ రోజు

కొర్రగుంట విత్తనాల గోడౌను ముందు ఊరంతా కూర్చుంది. నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు. సెలవు చీటీ రాసి పెట్టి నేనే పోయాను.

మొదట మారెక్క లేచింది. “నా పేరు మారెక్క. మొగుని పేరు తిమ్మప్ప. కోడు ఆఖరి అంకెలు నాలుగు నాలుగు ఏడు ఒకటి. నా పేరు మింద ఏడు వానలు. నా సేన్లో పడింది ఒకటి” అని చెప్పి కూర్చుంది. తరవాత సుంకన్న అనే రైతు. తరవాత బిడ్డనెత్తుకుని కొండెక్కిన ఆ బాలింత. వరుసగా తొంభై ఆరు మందీ తమ పేరు తామే చెప్పుకున్నారు. రెండు గంటలు పట్టింది. ఒక్కరూ లేచి పోలేదు.

అప్పుడు నేను నిలబడి నా చీటీ చదివాను.

సుంకన్న నా కాళ్ళ దగ్గర ఉమ్మాడు. “థూ! నువ్వు గూడానా! మా వానలన్నీ నువ్వే ఎగరేసుకుంటివా?”

“ఎన్ని?” అంది మారెక్క.

“తొమ్మిది.”

“నాకొకటి, నీకు తొమ్మిది.” ఆమె నన్ను నిలువునా చూసింది. ఎండిన చెట్టును నా బల్ల మీద పడేసిన రోజు కూడా ఆమె నన్ను అలా చూడలేదు.

“ఆ పేరు నేను పెట్టుకోలేదక్కా. కానీ తెలిసినాక దాచుకుంటే పెట్టుకున్నట్టే. జైల్లో వేస్తామన్నారు. వేయనీ. మూడేళ్ళు కొండ దాటి వచ్చి చూడకపోవడం మాత్రం నా తప్పే. దానికి మీరేమన్నా పడతాను.”

చాలామంది చాలా అన్నారు. పడ్డాను. అన్నీ ఇక్కడ రాయను. ఒకామె నా జుట్టు పట్టుకుంటే పక్కవాళ్ళు విడిపించారు. అందరూ అలిసిపోయాక మారెక్క లేచి కొంగు దోపుకుంది.

“నాలుగున్నర ఎకరా యాడుందో సూద్దాం పా” అంది. “కాయితం అబద్ధమైతే వాళ్ళ నోటితో సెప్పల్ల. నిజమైతే నీ సేను నీకియ్యల్ల. ఏదో ఒకటి కావల్ల గదా!”

మఖ, 8వ రోజు

నన్ను సస్పెండ్ చేశారు. గద్దల గది తాళాలు జిల్లా నుంచి వచ్చిన కొత్త మనిషికి ఇచ్చాను. డైరీ అడిగాడు. ఇవ్వలేదు.

మఖ, 11వ రోజు

పొద్దున తొమ్మిదింటికి దానిమ్మ తోట గేటు ముందు తొంభై ఏడు మందిమి నిలబడ్డాం. ఇనుప కంచె అవతల నేల నల్లగా, తడిగా ఉంది. చెట్లు నిండుగా కాసి ఉన్నాయి. మా వెనక ఆరు కిలోమీటర్ల పొడవునా దుమ్ము.

కాపలాదారు లోపలికి వీల్లేదన్నాడు. గేటుకున్న పలక మీద బొటనవేలు పెట్టాను. “రైతు భాగస్వామి వన్నూరమ్మ గారికి స్వాగతం” అని గేటు పక్కనున్న పెట్టెలోంచి ఆడగొంతు పలికింది. గేటు తెరుచుకుంది. వెనక ఎవరో పెద్దగా నవ్వారు. ఆ నవ్వు వింటే నాకే భయమేసింది. అందరం లోపలికి నడిచి చెట్ల మధ్య కూర్చున్నాం. ఒక్క కాయ కోయలేదు.

మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. “ఇది ప్రైవేటు తోట!”

“నాలుగున్నర ఎకరాలు నావి. చీటీ చూడండి. వీళ్ళంతా నా చుట్టాలు” అన్నాను.

అతను చీటీ చూశాడు, చెమట తుడుచుకున్నాడు, ఫణిభూషణ్ గారికి ఫోన్ చేశాడు. కంగారులో స్పీకరు నొక్కాడో ఏమో, ఫోన్ గొంతు బయటికే వినబడింది.

“ఎవరు, ఆ ఆపరేటరా? దానికి అక్కడ సెంటు భూమి కూడా లేదయ్యా! ఆ పేరు ఊరికే రికార్డు కోసం పెట్టింది. మెడ పట్టి గెంటండి!”

మారెక్క ఆ ఫోన్ వైపు వంగింది. “సారూ, నేను కొర్రగుంట మారెక్కని. ఇంగొక తూరి సెప్పు. ఆ పేరు అబద్ధమా?”

ఫోన్ కట్టయింది. కానీ తొంభై ఏడు మంది విన్నారు. సుంకన్న తన ఫోన్లో మొత్తం పట్టాడు.

పుబ్బ కార్తె, 3వ రోజు

మేం తోటలోనే ఉన్నాం. వంతులేసుకుని ఇళ్ళకు పోయి అన్నం తెచ్చుకుంటున్నాం. పోలీసులు రెండుసార్లు వచ్చి, రికార్డు ప్రకారం భూమి నాదే కావడంతో ఏం రాయాలో తెలియక తిరిగిపోయారు. నోటీసులు విచారణ అయ్యేదాకా నిలిపేశారట. రద్దు చేయలేదు, నిలిపారు. రెండో నంబరు, ఏడో నంబరు కేంద్రాల్లో రైతులు కొండెక్కి చీటీలు అడగడం మొదలుపెట్టారు. వెంటనే అన్నిచోట్లా వేలిముద్ర యంత్రాలు మరమ్మతుకు పోయాయి. గోడ మీద జాబితా ఇంకా రాలేదు.

ఈరోజు విచారణ. ఇక్కడికి మూడు కిలోమీటర్లలో ఉన్న మండలాఫీసులో. మమ్మల్ని పిలవలేదు.

మధ్యాహ్నం మబ్బు వచ్చింది. గేటు పెట్టె రోజూలాగే పలికింది. “వాన వస్తోంది. కోడు నాలుగు నాలుగు ఏడు ఒకటి. పనిముట్లు లోపల పెట్టుకోండి.”

ముందు నాకే అర్థమైంది. “అక్కా, ఇది నీది” అన్నాను.

మారెక్క తలెత్తింది. గద్ద ఒక చుట్టు తిరిగి పోయింది. వాన మొదలైంది. పెద్ద చినుకులు. చాలామంది చెట్ల కిందికి జరిగారు. కొందరు చీటీలు తడవకుండా రవికల్లో దాచుకున్నారు. మారెక్క మాత్రం నడిమధ్యలో, వాన కిందే కూర్చుంది. శెనక్కాయ ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టే సమయమిది. ఈ ఒక్క పదును ఆమె చేన్లో పడితే నాలుగెకరాలూ నిలబడేవి. ఆమె ఏడవలేదు. పళ్ళు కొరుకుతున్న చప్పుడు పక్కనున్న నాకు వినబడింది.

వాన ఆగగానే లేచింది. “ఆరకముందే పోవల్ల” అంది.

ఎండకు ఆరిపోకుండా తడిసిన కొంగును ఉండచుట్టి చంకలో అదిమి పెట్టుకుంది. మూడు కిలోమీటర్లు దాదాపు పరిగెత్తాం. ఆమె వెనక మేమంతా. మండలాఫీసు బంట్రోతు అడ్డం వచ్చి, మమ్మల్ని చూసి పక్కకు తప్పుకున్నాడు. లోపల ఫణిభూషణ్ గారు, ఇంకా పెద్ద అధికారులు ఇద్దరు. బల్ల నిండా ఫైళ్ళు. పైనున్న ఫైలు మీద ‘కొర్రగుంట’ అని ఉంది.

మారెక్క ఎవరికీ నమస్కారం పెట్టలేదు. బల్ల దగ్గరికి పోయి, చంకలోని కొంగు తీసి, రెండు చేతులతో ఆ ఫైలు మీద పిండింది. నీళ్ళు జారి అక్షరాలు అలుక్కుపోయాయి. ఫణిభూషణ్ గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

“ఇదో, నా ఎనిమిదో వాన. నా మింద పడింది, నా సేను మింద గాదు. యాడ పడిందో రాసుకో సారూ” అంది. “నా పేరు గూడా రాయి. పెద్దగా రాయి.”